హెన్రీ జార్జ్

హెన్రీ జార్జ్ (సెప్టెంబరు 2, 1839 - అక్టోబరు 29, 1897) అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఆర్థిక చింతకుడు, రచయిత, పత్రికా సంపాదకుడు, సంఘ సంస్కర్త. దేశసంపద పెరుగుతున్నకొద్దీ పేదరికం తగ్గక, దానితో పాటే ఎందుకు పెరుగుతున్నదనే ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఈయన తన జీవితాన్ని వెచ్చించాడు. 1879లో వెలువడిన ఈయన గ్రంథం ప్రోగ్రెస్ అండ్ పావర్టీ (ప్రగతి - పేదరికం) లక్షల ప్రతులు అమ్ముడుపోయి అనేక భాషలలోకి అనువదింపబడింది. భూమి విలువపై తప్ప మరి దేనిపైనా పన్ను ఉండరాదనే ఈయన సిద్ధాంతం ఏకపన్ను సిద్ధాంతంగా పేరుపొందింది.

జార్జ్‌కు విశ్వవిద్యాలయ పట్టా ఏదీ లేదు. పద్నాలుగేళ్ళు నిండకముందే బడి మానివేసి, ఓడలో కళాసిగా, అచ్చుయంత్రశాలలో కంపోజిటరుగా, పత్రికా విలేఖరిగా పనిచేశాడు. అమెరికాలో కష్టపడినవానికి అవకాశాలకు కొదవలేదన్న నమ్మకం బలంగా ఉన్న కాలంలో, కష్టపడడానికి సిద్ధంగా ఉండి కూడా పస్తులున్నవాడు ఈయన. ఈయన రచనలలోని ఆవేదనకు ఈ అనుభవమే మూలం.

బాల్యం, విద్యాభ్యాసం

హెన్రీ జార్జ్ 1839 సెప్టెంబరు 2న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక దిగువ మధ్యతరగతి కుటుంబంలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఈయన రెండవవాడు. తండ్రి రిచర్డ్ జార్జ్ కొంతకాలం మతగ్రంథాల ప్రచురణ వ్యాపారం చేసి, అది లాభించక సుంకాల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాడు. ఇంటిలో దైవభక్తి ఎక్కువ. బైబిలు పఠనం నిత్యకృత్యం. జార్జ్ వచనంలో కనిపించే ప్రవచన ధోరణి ఈ వాతావరణం నుండి వచ్చినదే.

చదువు ఎక్కువ కాలం సాగలేదు. బడి మానిన తరువాత దుకాణంలో, కార్యాలయంలో చిన్న ఉద్యోగాలు చేస్తూ, గ్రంథాలయ పుస్తకాలు చదువుతూ, సాయంకాలం ఉపన్యాసాలు వింటూ తన విద్యను తానే సాగించుకున్నాడు.

సముద్రయానం - కలకత్తా దర్శనం

1855 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ళ వయసులో, జార్జ్ హిందూ అనే పేరుగల ఓడలో కుర్ర కళాసిగా చేరి న్యూయార్క్ నుండి బయలుదేరాడు. ఓడ ముందుగా ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు, అక్కడినుండి భారతదేశంలోని కలకత్తాకు వెళ్ళింది. బంగారు గనులకు పేరుపొందిన మెల్‌బోర్న్‌లో పనిలేక తిరుగుతున్న మనుషులను ఆ బాలుడు చూశాడు. కలకత్తా చేరేముందు హుగ్లీ నదిలో తేలుతున్న శవాలను, వాటిపై వాలిన కాకులను చూసి దినచర్య పుస్తకంలో వ్రాసుకున్నాడు. ఒకవైపు తెల్లదొరల భవనాలు, మరొకవైపు నిరుపేదల గుడిసెలు ఆ నగరంలో ఈయనకు కనిపించాయి. కథలలో సంపదకు మారుపేరుగా విన్న దేశం కళ్ళకు మరొక విధంగా కనబడింది. 1856 జూన్‌లో ఓడ న్యూయార్క్ తిరిగి చేరింది.

ఇంటికి వచ్చిన తరువాత తండ్రి ఈయనను ఒక అచ్చుయంత్రశాలలో కంపోజింగు పని నేర్చుకోవడానికి చేర్చాడు. అక్షరాలు కూర్చే ఆ పనితో భాషపైన, వర్ణక్రమంపైన పట్టు కలిగింది. కానీ 1857లో ఏర్పడిన ఆర్థిక మాంద్యం వలన ఫిలడెల్ఫియాలో పని దొరకడం కష్టమైంది. ఆ సంవత్సరం డిసెంబరులో దీపస్తంభాల సేవకై పసిఫిక్ తీరానికి వెళుతున్న షూబ్రిక్ అనే ప్రభుత్వ ఓడలో ఉద్యోగం సంపాదించి, దక్షిణ అమెరికా చుట్టూ ప్రయాణించి 1858 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు.

కాలిఫోర్నియాలో తొలి సంవత్సరాలు

జార్జ్ చేరేనాటికి కాలిఫోర్నియాలో బంగారం బయటపడి పదేళ్ళయింది. అప్పుడే బ్రిటిష్ కొలంబియాలోని ఫ్రేజర్ నదీ ప్రాంతంలో బంగారం దొరికిందన్న వార్త విని జార్జ్ అటు వెళ్ళాడు. ఆ ఓడ ప్రయాణంలో జరిగిన ఒక చిన్న సంభాషణను ఈయన చాలా ఏళ్ళ తరువాత గుర్తుచేసుకున్నాడు. ఇప్పుడు కూలి బాగానే ఉన్నా, దేశం అభివృద్ధి చెందేకొద్దీ పనిచేసి బ్రతికేవాని పరిస్థితి దిగజారిపోతుందని ఒక ముసలి గని కార్మికుడు అన్నాడట. ఆ మాట జార్జ్ మనసులో నిలిచిపోయింది. విక్టోరియాలో బంధువు దుకాణంలో కొద్దినెలలు పనిచేసి, అదృష్టం కలిసిరాక, చేతిలో డబ్బులేకుండా శాన్ ఫ్రాన్సిస్కోకు తిరిగివచ్చి మళ్ళీ కంపోజిటరు అయ్యాడు.

1861 డిసెంబరు 3న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పుట్టిన అన్నీ కోర్సినా ఫాక్స్‌ను వివాహమాడాడు. తల్లిదండ్రులు లేని అన్నీని పెంచిన మేనమామ ఈ సంబంధానికి అంగీకరించకపోవడంతో వారిద్దరూ ఇంటివారికి చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారు. అప్పుడు వరుని వద్ద ఉన్న ఆస్తి అంతా ఒక్క నాణెమేనని, పెళ్ళి దుస్తులు కూడా ఎరువు తెచ్చుకున్నవేనని ఈయన జీవితచరిత్రకారులు వ్రాశారు.

తరువాతి నాలుగేళ్ళు కటిక దారిద్ర్యంలో గడిచాయి. 1865 జనవరిలో రెండవ కుమారుడు పుట్టిన రోజున ఇంటిలో తినడానికి ఏమీ లేదు. బిడ్డకు స్నానం మాట తరువాత, ముందు ఆహారం అందించమని వైద్యుడు చెప్పాడు. జార్జ్ వీధిలోకి పోయి, ఇవ్వగలవానిలా కనబడిన మొదటి మనిషిని ఆపి ఐదు డాలర్లు అడిగాడు. ఎందుకని అడిగితే, భార్య ప్రసవించిందనీ ఆమెకు పెట్టడానికి తిండి లేదనీ చెప్పాడు. ఆ అపరిచితుడు డబ్బు ఇచ్చాడు. ఇవ్వకపోయి ఉంటే అతనిని చంపడానికి కూడా వెనుదీయనంత నిస్పృహలో అప్పుడు తానున్నానని జార్జ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. చదువు, వృత్తి నైపుణ్యం, పని చేయాలన్న పట్టుదల ఉన్న మనిషి కూడా ఆ స్థితికి రాగలడని ఈయన స్వానుభవంతో తెలుసుకున్నాడు.

పత్రికారంగం

1865 ఏప్రిల్‌లో అబ్రహాం లింకన్ హత్య జరిగినపుడు జార్జ్ తాను కంపోజిటరుగా ఉన్న ఆల్టా కాలిఫోర్నియా పత్రికకు ఒక వ్యాసం వ్రాసి పంపాడు. అది అచ్చయింది. అక్కడితో ఈయన అక్షరాలు కూర్చేవాని స్థానం నుండి వ్రాసేవాని స్థానానికి మారాడు. కొద్దికాలంలోనే శాన్ ఫ్రాన్సిస్కో టైమ్స్ పత్రికకు సంపాదకుడయ్యాడు.

1868 అక్టోబరులో ఓవర్‌లాండ్ మంత్లీ అనే మాసపత్రికలో రైలుమార్గం మనకేమి తెస్తుందన్న అంశంపై జార్జ్ వ్యాసం వెలువడింది. అమెరికా ఖండాన్ని అడ్డంగా కలిపే రైలుమార్గం పూర్తి కావస్తున్నందున కాలిఫోర్నియా ప్రజలంతా సంబరంలో ఉన్న సమయమది. రైలు వలన జనాభా, వ్యాపారం, సంపద పెరుగుతాయని, అయితే ఆ లాభం భూములున్నవారికి, వ్యాపారాలున్నవారికి చేరుతుందని, ఏమీ లేనివారికి బ్రతుకు మరింత కష్టమవుతుందని జార్జ్ హెచ్చరించాడు. రైలుమార్గం 1869 మే 10న పూర్తయింది. 1850 నుండి 1871 వరకు అమెరికా ప్రభుత్వం రైలు కంపెనీలకు సుమారు 13 కోట్ల ఎకరాల ప్రభుత్వ భూములను దానంగా ఇచ్చింది. ఇల్లు కట్టుకొని సేద్యం చేసేవానికి 160 ఎకరాలు ఇస్తామన్న 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఒకవైపు ఉండగానే ఈ దానాలు జరిగాయి.

1868-69లో తన పత్రికకు తంతి వార్తలు సంపాదించే పనిపై జార్జ్ న్యూయార్క్ వెళ్ళాడు. వార్తాసంస్థ, తంతి కంపెనీల గుత్తాధిపత్యం ముందు ఆ ప్రయత్నం విఫలమైంది. అయితే ఆ నగరంలో మహాభవనాల పక్కనే ఉన్న మురికివాడలను చూసి, ఈ వైరుధ్యానికి కారణం కనుక్కొని, వీలైతే నివారణ చెప్పాలని అక్కడే నిశ్చయించుకున్నాడు.

కారణం తనకు 1870లో తోచిందని జార్జ్ చెప్పుకున్నాడు. ఓక్లాండ్ సమీపంలోని కొండలలో గుర్రంపై వెళుతూ, దారిలో ఒక బండివానిని అక్కడి భూమి ధర అడిగాడు. దూరంగా పశువులు మేస్తున్న బీడును చూపి, అక్కడ ఒకరు ఎకరం వెయ్యి డాలర్లకు అమ్ముతారని అతడు చెప్పాడు. ఆ నేలపై ఎవరూ ఏమీ చేయలేదు. రైలు వస్తుంది, జనం వస్తారు అన్న ఆశ ఒక్కటే దాని ధర పెంచింది. జనాభా పెరిగేకొద్దీ భూమి ధర పెరుగుతుంది, దానిపై పనిచేయవలసినవాడు ఆ అనుమతికై ఎక్కువ చెల్లించవలసివస్తుంది. 1871లో వెలువరించిన అవర్ లాండ్ అండ్ లాండ్ పాలసీ అనే చిన్న పుస్తకంలో ఈ ఆలోచనకు తొలి రూపం ఇచ్చాడు.

అదే సంవత్సరం డిసెంబరులో మిత్రులతో కలిసి శాన్ ఫ్రాన్సిస్కో డైలీ ఈవెనింగ్ పోస్ట్ అనే ఒక సెంటు పత్రికను స్థాపించాడు. గుత్తాధిపత్యాలను, భూముల సట్టావ్యాపారాన్ని విమర్శించిన ఈ పత్రిక నాలుగేళ్ళు నడిచి, 1875లో అప్పుల కారణంగా ఈయన చేయి జారిపోయింది. 1876లో గవర్నరు విలియం ఇర్విన్ ఈయనను రాష్ట్ర గ్యాసు మీటర్ల తనిఖీ అధికారిగా నియమించాడు. పెద్ద పని లేని ఆ ఉద్యోగం గ్రంథరచనకు కావలసిన తీరిక ఇచ్చింది.

ప్రోగ్రెస్ అండ్ పావర్టీ రచన

1873లో అమెరికాలో బ్యాంకులు కూలి, ఏళ్ళ తరబడి మాంద్యం సాగింది. 1877 వేసవిలో జీతాల కోతకు నిరసనగా రైలు కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మె చేయగా, దానిని అణచడానికి సైన్యాన్ని దించారు. ఆ ఏడాది సెప్టెంబరు 18న జార్జ్ తన గ్రంథాన్ని ప్రారంభించి 1879 మార్చిలో ముగించాడు. చివరి పుట వ్రాసిన రాత్రి ఒంటరిగా మోకరిల్లి కన్నీరు కార్చానని ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో చెప్పాడు.

ప్రచురణకర్తలు మొదట తిరస్కరించారు. అప్పుడు మిత్రుని అచ్చుయంత్రశాలలో గ్రంథకర్తే స్వయంగా కొన్ని పంక్తుల అక్షరాలు కూర్చి పని మొదలుపెట్టాడు. అలా 1879లో 500 ప్రతులు వెలువడ్డాయి. అచ్చుకు సిద్ధమైన పలకలు ఉన్నందున న్యూయార్క్‌కు చెందిన ఆపిల్టన్ సంస్థ 1880 జనవరిలో దీనిని ప్రచురించడానికి అంగీకరించింది. చవక ప్రతులు వచ్చిన తరువాత అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ దేశాల కార్మికులు దీనిని విరివిగా చదివారు. ఆర్థికశాస్త్ర గ్రంథానికి అంతటి ఆదరణ అంతకుముందు అరుదు.

సిద్ధాంతం

జార్జ్ సిద్ధాంతాన్ని ఈ క్రింది విధంగా సంగ్రహించవచ్చును.

సంపద ఉత్పత్తికి భూమి, శ్రమ, పెట్టుబడి అనే మూడు కావాలి. భూమి అంటే పొలం మాత్రమే కాదు, ప్రకృతి ఇచ్చినదంతా భూమి క్రిందికి వస్తుంది. శ్రమకు కూలి, పెట్టుబడికి వడ్డీ, భూమికి అద్దె లేదా కౌలు ప్రతిఫలం. కూలి, వడ్డీ మనుషుల కృషికి దక్కేవి. భూమిని మాత్రం ఎవరూ తయారుచేయలేదు.

అద్దె ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి జార్జ్ ఆంగ్లేయ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో సూత్రాన్ని తీసుకున్నాడు. ఉదాహరణకు ఒకే శ్రమతో మంచి పొలంలో 30 బస్తాలు, ఎవరికీ అక్కరలేని నాసి పొలంలో 20 బస్తాలు పండితే, మంచి పొలం యజమాని తేడా అయిన 10 బస్తాలను కౌలుగా తీసుకోగలడు. జనాభా పెరిగి, 10 బస్తాలే పండే నేలను కూడా దున్నవలసివస్తే కౌలు 20 బస్తాలకు పెరుగుతుంది. పంట తగ్గలేదు, పని తగ్గలేదు. రైతుకు మిగిలేది మాత్రం తగ్గింది. నగరాలలో ఈ తేడా మరీ ఎక్కువ. ఊరి నడుమ ఉన్న ఖాళీ స్థలానికి విలువ వచ్చేది చుట్టూ ఉన్న జనం వలన, వీధుల వలన, రైలు వలన, బడుల వలన. ఆ విలువను సమాజం సృష్టిస్తే, యజమాని అనుభవిస్తాడని జార్జ్ వాదన.

ధర ఇంకా పెరుగుతుందన్న ఆశతో మంచి నేలలను ఖాళీగా ఉంచడం వలన శ్రామికులకు పనిచేసే చోటు కరువవుతుందని, పారిశ్రామిక మాంద్యాలకు ఇదే ముఖ్యకారణమని ఈయన భావించాడు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా దక్షిణాది భూస్వాములు పెద్దగా నష్టపోలేదని, భూమి వారి చేతిలోనే ఉన్నందున విముక్తులైన నల్లజాతివారు మళ్ళీ వారి క్రిందనే పనిచేయవలసివచ్చిందని చూపాడు. అవకాశం లేని స్వేచ్ఛ నామమాత్రమేనని ఈయన అభిప్రాయం.

జనాభా పెరుగుదలే పేదరికానికి కారణమన్న మాల్థస్ సిద్ధాంతాన్ని జార్జ్ ఖండించాడు. అందుకు ఐర్లండ్, చైనాలతో పాటు భారతదేశాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. భారతదేశపు కరువులకు కారణం జనం ఎక్కువై కాదని, పాలకుల దోపిడీ, రైతుపై పడిన శిస్తుల, వడ్డీల భారమని వాదించాడు. ఈయన ఆ గ్రంథం వ్రాయడానికి కొద్ది ముందు, వ్రాస్తున్న కాలంలోనే, మద్రాసు రాజధానిలోని రాయలసీమ జిల్లాలు తెలుగువారు ధాత కరువుగా పిలుచుకునే 1876-78 నాటి మహాక్షామంలో చిక్కుకొని ఉన్నాయి.

నివారణగా జార్జ్ భూములను లాక్కొని పంచమనలేదు. భూమి ఎవరి అధీనంలో ఉన్నది వారివద్దనే ఉంచి, దాని అద్దె విలువను మాత్రం పన్ను రూపంలో ప్రభుత్వం తీసుకోవాలన్నాడు. ఇళ్ళు, యంత్రాలు, పంటలు, కూలి, వ్యాపారం వీటిపై ఉన్న పన్నులన్నీ రద్దు చేయాలన్నాడు. అప్పుడు భూమిని ఖాళీగా ఉంచినవానికి నష్టం, దానిపై పనిచేసినవానికి లాభం కలుగుతుంది. వచ్చిన ఆదాయంతో గ్రంథాలయాలు, ఉద్యానవనాలు, స్నానశాలలు, ఉపన్యాసశాలలు వంటివి అందరికీ అందించవచ్చునన్నాడు. దీనికి ఏకపన్ను అనే పేరు 1880ల చివరలో స్థిరపడింది.

ఐర్లండ్, బ్రిటన్ పర్యటనలు

1880లో జార్జ్ న్యూయార్క్‌కు నివాసం మార్చాడు. అప్పటికి ఐర్లండ్‌లో భూస్వాములకు వ్యతిరేకంగా కౌలురైతుల ఉద్యమం తీవ్రంగా ఉన్నది. 1881లో ది ఐరిష్ లాండ్ క్వశ్చన్ అనే పుస్తకం వ్రాసి, ఐరిష్ వరల్డ్ పత్రిక విలేఖరిగా ఆ దేశం వెళ్ళాడు. 1882లో అక్కడి ప్రత్యేక నిర్బంధ చట్టం క్రింద పోలీసులు ఈయనను అనుమానితునిగా రెండుసార్లు అరెస్టు చేసి, తరువాత విడిచిపెట్టారు. బ్రిటన్‌లో ఈయన ఉపన్యాసాలకు జనం విశేషంగా వచ్చారు. లండన్‌లో ఒక సభలో ఈయన మాటలు విన్న యువ రచయిత జార్జ్ బెర్నార్డ్ షా అక్కడినుండి ఆర్థిక విషయాల అధ్యయనం వైపు మళ్ళాడు. స్కాట్లండ్ భూస్వామి అయిన ఆర్గైల్ డ్యూక్ 1884లో ఈయనను శాన్ ఫ్రాన్సిస్కో ప్రవక్త అని ఎద్దేవా చేస్తూ వ్యాసం వ్రాయగా, జార్జ్ దీటుగా సమాధానమిచ్చాడు.

1886 న్యూయార్క్ మేయరు ఎన్నిక

1886లో న్యూయార్క్ కార్మిక సంఘాలు మేయరు పదవికి పోటీ చేయమని జార్జ్‌ను కోరాయి. కనీసం 30,000 మంది ఓటర్ల సంతకాలు తెస్తేనే నిలబడతానని ఈయన షరతు పెట్టాడు. అంతకు మించి సంతకాలు వచ్చాయి. నగర రాజకీయాలను శాసిస్తున్న టామనీ హాల్ వర్గం తరఫున పోటీ విరమించుకుంటే కాంగ్రెసు స్థానం ఇస్తామని ఆశచూపారని జార్జ్ తరువాత వెల్లడించాడు.

డెమోక్రాటిక్ పార్టీ తరఫున ఏబ్రమ్ హ్యూయిట్, రిపబ్లికన్ పార్టీ తరఫున తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన 28 ఏళ్ళ థియోడర్ రూజ్‌వెల్ట్ పోటీపడ్డారు. కార్మిక నాయకుడు శామ్యూల్ గోంపర్స్, కాథలిక్ మతగురువు ఎడ్వర్డ్ మెక్‌గ్లిన్ జార్జ్‌కు మద్దతునిచ్చారు. ఫలితాలు ఇలా వచ్చాయి:

హ్యూయిట్ - 90,552 ఓట్లు
జార్జ్ - 68,110 ఓట్లు
రూజ్‌వెల్ట్ - 60,435 ఓట్లు

ఆ రోజులలో ఓటు పత్రాలను ప్రభుత్వం ముద్రించేది కాదు, పార్టీలే ముద్రించి పంచేవి. లెక్కింపులో అక్రమాలు జరిగాయని జార్జ్ అనుచరులు గట్టిగా నమ్మారు. ప్రభుత్వమే ఓటు పత్రాలు ముద్రించి, రహస్యంగా ఓటువేసే ఆస్ట్రేలియా పద్ధతిని జార్జ్ 1871 నుండే సమర్థించాడు. 1888 తరువాత అమెరికా రాష్ట్రాలు వరుసగా ఆ పద్ధతిని చేపట్టాయి.

జార్జ్‌కు మద్దతిచ్చినందుకు మెక్‌గ్లిన్‌ను చర్చి అధికారులు సస్పెండ్ చేశారు. 1887లో ఆయనను మతం నుండి వెలివేసి, 1892లో తిరిగి చేర్చుకున్నారు.

తరువాతి సంవత్సరాలు

1887లో కార్మిక పార్టీ నుండి సోషలిస్టులను బహిష్కరించడంతో జార్జ్ బలం తగ్గింది. చికాగో హేమార్కెట్ కేసులో మరణశిక్ష పడిన అరాచకవాదుల పక్షాన నిలవకపోవడంతో అనేక మంది కార్మికులు ఈయనకు దూరమయ్యారు. ఆ సంవత్సరం న్యూయార్క్ రాష్ట్ర కార్యదర్శి పదవికి పోటీచేసి ఓడిపోయాడు. 1887 నుండి 1892 వరకు ది స్టాండర్డ్ అనే వారపత్రిక ద్వారా తన భావాలను ప్రచారం చేశాడు.

1886లో వ్రాసిన ప్రొటెక్షన్ ఆర్ ఫ్రీ ట్రేడ్ గ్రంథంలో దిగుమతి సుంకాలు కార్మికునికి మేలు చేయవని వాదించాడు. 1892లో ఈయన శిష్యుడు టామ్ జాన్సన్, మరికొందరు సభ్యులు ఈ పుస్తకాన్ని భాగాలుగా చేసి అమెరికా కాంగ్రెసు నమోదులలో మొత్తంగా చేర్చారు.

1890లో భార్యతో కలిసి ఆస్ట్రేలియా పర్యటించాడు. అదే సంవత్సరం డిసెంబరులో పక్షవాతం సోకి కొంతకాలం మాట తడబడింది. కోలుకొని 1891లో పోప్ పదమూడవ లియోకు బహిరంగ లేఖగా ది కండిషన్ ఆఫ్ లేబర్ వ్రాశాడు.

మరణం

1897లో బ్రూక్లిన్ మొదలైన ప్రాంతాలను కలుపుకొని ఏర్పడుతున్న విశాల న్యూయార్క్ నగరానికి తొలి మేయరు ఎన్నిక జరిగింది. అభిమానులు జార్జ్‌ను మళ్ళీ కోరారు. ఆ ఏడాదే కుమార్తె జెన్నీ మరణించింది. ఈయన ఆరోగ్యం కూడా బాగా లేదు. ప్రచార శ్రమ ప్రాణాంతకం కావచ్చునని వైద్యుడు హెచ్చరించాడు. ఆ సంగతి తెలిసి కూడా అన్నీ భర్త నిర్ణయానికి అడ్డుచెప్పలేదు. అక్టోబరు 28న పలు సభలలో మాట్లాడి రాత్రి పొద్దుపోయాక యూనియన్ స్క్వేర్ హోటలుకు చేరిన జార్జ్, 29 తెల్లవారుజామున పక్షవాతంతో మరణించాడు. ఎన్నికకు అప్పటికి నాలుగు రోజులే ఉన్నది. ఆయన స్థానంలో పెద్ద కుమారుడు హెన్రీ జార్జ్ జూనియర్ నిలబడి ఓడిపోయాడు.

గ్రాండ్ సెంట్రల్ పాలెస్ భవనంలో ఉంచిన ఈయన భౌతికకాయాన్ని సుమారు లక్షమంది దర్శించారని అంచనా. రైలు యజమానులకో, ధనవంతులకో కాక, ఒకప్పటి కంపోజిటరుకు అంతటి జనం రావడం ఆ నగరం అరుదుగా చూసిన దృశ్యం. బ్రూక్లిన్‌లోని గ్రీన్-వుడ్ శ్మశానవాటికలో ఈయనను ఖననం చేశారు.

విమర్శలు

జార్జ్ భావాలపై అన్ని వైపులనుండి విమర్శలు వచ్చాయి. కష్టార్జితంతో భూమి కొన్నవానికి పరిహారం ఇవ్వకుండా దాని విలువను పన్నుగా తీసుకోవడం అన్యాయమని పలువురు అన్నారు. పెట్టుబడిదారులను వదిలి భూస్వాములను మాత్రమే తప్పుపట్టడం అసంపూర్ణమని కార్ల్ మార్క్స్ విమర్శించాడు. సంపద పెరిగినా కూలి పెరగలేదన్న వాదన వాస్తవానికి విరుద్ధమని ఆంగ్లేయ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1883లో బ్రిస్టల్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో వాదించాడు. నేల విలువను దానిపై ఉన్న కట్టడం విలువనుండి వేరుచేయడం కష్టమని, ఆధునిక ప్రభుత్వ ఖర్చులకు ఈ ఒక్క పన్ను చాలదని మరికొందరు అంటారు.

చైనీయుల విషయంలో జార్జ్ వైఖరి ఈయన కీర్తికి మచ్చ. చైనా కార్మికుల రాక వలన కూలి పడిపోతుందని, వారిని రానివ్వరాదని 1869 మే నెలలో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో వ్రాశాడు. అందులో జాతి దురభిప్రాయాలు స్పష్టంగా ఉన్నాయి. ఆ వ్యాసం చూసిన జాన్ స్టువర్ట్ మిల్, కూలిపై ప్రభావాన్ని అంగీకరిస్తూనే, వలసవచ్చినవారిని నిషేధించే హక్కును గురించి, వారి పిల్లలకు చదువు అందించే మార్గాన్ని గురించి ప్రశ్నలు లేవనెత్తాడు. భూమి మానవులందరిదీ అని చెప్పిన జార్జ్, 1882 నాటి చైనీయుల నిషేధ చట్టాన్ని మాత్రం జీవితాంతం సమర్థించాడు. స్త్రీలకు ఓటుహక్కు ఉండాలన్న విషయంలో ఈయన తన కాలంకంటే ముందున్నాడు.

ప్రభావం

రష్యా రచయిత లియో టాల్‌స్టాయ్ జార్జ్ భావాలను తీవ్రంగా సమర్థించాడు. 1899 నాటి ఆయన నవల రిసరెక్షన్‌లో కథానాయకుడు తన భూముల విషయంలో జార్జ్ పద్ధతిని ప్రయత్నిస్తాడు. చైనా నాయకుడు సన్ యట్-సేన్ భూమి హక్కుల సమానత్వమనే తన కార్యక్రమానికి ఈయన నుండి ప్రేరణ పొందాడు. తైవాన్ భూవిధానంలో ఆ జాడ కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1909 నాటి ప్రజా బడ్జెటులో భూమి విలువపై పన్నుల ప్రతిపాదన ఈ ఉద్యమ ప్రభావమే. అమెరికాలో ఈయన శిష్యుడు టామ్ జాన్సన్ 1901 నుండి 1909 వరకు క్లీవ్‌లాండ్ మేయరుగా పనిచేశాడు.

అలబామాలోని ఫెయిర్‌హోప్ (1894), డెలావేర్‌లోని ఆర్డెన్ (1900) గ్రామాలు ఏకపన్ను సూత్రంపై స్థాపింపబడ్డాయి. పిట్స్‌బర్గ్ నగరం 1913 నాటి చట్టం ప్రకారం కట్టడాలకంటే నేలపై ఎక్కువ పన్ను వేసే పద్ధతిని చేపట్టి, 2001లో విరమించింది.

జార్జ్ అనుచరురాలు లిజీ మేగీ, భూమి గుత్తాధిపత్యం కొద్దిమందిని ధనవంతులను చేసి మిగిలినవారిని ఎలా దివాలా తీయిస్తుందో చూపడానికి ది లాండ్‌లార్డ్స్ గేమ్ అనే ఆటను తయారుచేసి 1904లో పేటెంటు పొందింది. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ విడుదల చేసిన మోనోపలీ ఆట దీనినుండి పుట్టినదే. హెచ్చరికగా తయారైన ఆట చివరకు స్థలాలు కొని ఎదుటివారిని దివాలా తీయించే వినోదంగా ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆర్థికవేత్తలలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వంటి స్వేచ్ఛా విపణివాది, జోసెఫ్ స్టిగ్లిట్జ్ వంటి అసమానతల విమర్శకుడు ఇద్దరూ భూమి విలువపై పన్నును మిగిలిన పన్నులకంటే మెరుగైనదిగా భావించారు. పన్ను వేసినందువలన నేల పరిమాణం తగ్గదు కనుక ఉత్పత్తి దెబ్బతినదన్నది దీనికి కారణం. నగర ఆర్థికశాస్త్రంలో ప్రజాసేవలపై చేసే ఖర్చుకు, భూమి అద్దెల పెరుగుదలకు ఉన్న సంబంధాన్ని తెలిపే ఒక సిద్ధాంతానికి హెన్రీ జార్జ్ సిద్ధాంతమని పేరుపెట్టారు.

కుటుంబం

జార్జ్ దంపతులకు నలుగురు సంతానం. హెన్రీ జార్జ్ జూనియర్ (1862-1916) 1911 నుండి 1915 వరకు అమెరికా కాంగ్రెసు సభ్యుడు, తండ్రి జీవితచరిత్ర రచయిత. ఆకలి రోజులలో పుట్టిన రెండవ కుమారుడు రిచర్డ్ శిల్పి అయ్యాడు. చిన్న కుమార్తె అన్నా కుమార్తె ఆగ్నెస్ డి మిల్ అమెరికాలో ప్రసిద్ధ నృత్య దర్శకురాలు.

ముఖ్య రచనలు

అవర్ లాండ్ అండ్ లాండ్ పాలసీ (1871)
ప్రోగ్రెస్ అండ్ పావర్టీ (1879)
ది ఐరిష్ లాండ్ క్వశ్చన్ (1881)
సోషల్ ప్రాబ్లమ్స్ (1883)
ప్రొటెక్షన్ ఆర్ ఫ్రీ ట్రేడ్ (1886)
ది కండిషన్ ఆఫ్ లేబర్ (1891)
ఎ పర్‌ప్లెక్స్‌డ్ ఫిలాసఫర్ (1892)
ది సైన్స్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ (అసంపూర్ణం, మరణానంతరం 1898లో ప్రచురితం)